బంతి కుడికెందుకు వంగుతుంది? గోల్ఫ్ స్వింగ్ లోపాల చిక్కుముడి

గోల్ఫ్ నేర్చుకునేవారికి ఇప్పుడు సలహాలకు కొదవ లేదు. వచ్చిన చిక్కల్లా అవి ఒకదానితో ఒకటి పొసగకపోవడమే. ఫోను తెరిస్తే ఒక కోచ్ ఎడమచేతి పట్టును కుడివైపు తిప్పమంటాడు. తర్వాతి వీడియోలో మరొకాయన అదే పట్టును ఎడమవైపు తిప్పమంటాడు. తల కదపవద్దని ఒకరు, తలను తిరగనివ్వమని ఇంకొకరు. ముందు నడుము తిరగాలని ఒకరంటే, ముందు చేతులు దిగాలని మరొకరు. విచిత్రమేమిటంటే వీరిలో చాలామంది చెప్పేది నిజమే. అది ఎవరి విషయంలో నిజమో మాత్రం వీడియోలో ఉండదు.

గోల్కొండ కోట పక్కన నయా ఖిలాలో ఉన్న హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్ అయినా, విశాఖలోని ఈస్ట్ పాయింట్ అయినా, అమెరికాలో ఊరిచివరి ప్రాక్టీసు రేంజ్ అయినా కొత్తవారి బాధ ఒకటే. డ్రైవర్‌తో, అంటే అన్నిటికంటే దూరం కొట్టే పొడవాటి కర్రతో, కొట్టిన బంతి బయలుదేరడం బాగానే బయలుదేరి, గాలిలో కుడికి వంగి చెట్లలోకి పోతుంది. దీన్నే స్లైస్ అంటారు. ఆ ఒక్క లోపం వెంట పోతే మిగతావి చాలావరకు దారిలోనే తగులుతాయి కాబట్టి ఈ వ్యాసం దానితోనే మొదలవుతుంది. ఇక్కడ చెప్పేదంతా కుడిచేతి ఆటగాళ్ళను దృష్టిలో పెట్టుకుని చెప్పింది. ఎడమచేతివారు కుడిఎడమలు మార్చుకుని చదువుకోవాలి.

బంతికి తెలిసింది అర మిల్లీసెకనే

గోల్ఫ్ కర్రను క్లబ్ అంటారు. దాని చివరనుండే క్లబ్ తల బంతిని తాకి ఉండే సమయం సెకనులో సుమారు రెండువేలవ వంతు. సెకనుకు 40 మీటర్ల వేగంతో, అంటే గంటకు దాదాపు 90 మైళ్ళ వేగంతో వచ్చే క్లబ్ ఆ కాస్త సమయంలో 2 సెంటీమీటర్లు మాత్రమే కదులుతుంది. బంతి ఎటు పోవాలో, ఎంత తిరగాలో ఆ 2 సెంటీమీటర్లలోనే తేలిపోతుంది. మీ భుజం ఎలా తిరిగింది, మోకాలు ఎంత వంగింది, తల లేచిందా లేదా అన్న సంగతులేవీ బంతికి తెలియవు.

దానికి తెలిసినవి ఐదే: క్లబ్ వేగం, ఆ క్షణంలో క్లబ్ ముఖం చూస్తున్న దిశ, క్లబ్ తల ప్రయాణిస్తున్న దిశ, అది కిందికి దిగుతూ తగిలిందా పైకి లేస్తూ తగిలిందా అన్నది, ముఖం మీద ఏ చోట తగిలిందన్నది. స్వింగ్ లోపం అన్న మాటకు పనికొచ్చే నిర్వచనం కూడా ఇక్కడే దొరుకుతుంది. ఈ ఐదింటిలో ఏదో ఒకదాన్ని చెడగొట్టేదే లోపం. అద్దంలో అందంగా లేకపోయినంత మాత్రాన అది లోపం కాదు.

ఇంగ్లండ్ కోచ్ జాన్ జేకబ్స్ తన బోధననంతా ఈ మెట్టు మీదే నిలబెట్టాడు. ముందు బంతి ఎగిరిన తీరు చూడాలి, దాన్నిబట్టి క్లబ్ ఏం చేసిందో తెలుసుకోవాలి, శరీరం సంగతి ఆ తర్వాత. నేటి వీడియోల్లో చాలావరకు ఈ వరుస తలకిందులైంది. ముందు శరీరాన్ని చూసి, నచ్చనిచోట గీతలు గీసి, బంతిని చివరన తలుచుకుంటున్నారు.

ఫేస్, పాత్: రెండు బాణాలు

క్లబ్ ముఖం చూసే దిశను ఫేస్ అని, క్లబ్ తల కదిలే దిశను పాత్ అని అంటారు. బంతి దగ్గర రెండు బాణాలు గీసినట్టు ఊహించుకోండి. రెండూ ఒకే దిశలో ఉంటే బంతి వంగదు. ఫేస్ బాణం పాత్‌కు కుడివైపు ఉంటే బంతి కుడికి, ఎడమవైపు ఉంటే ఎడమకు వంగుతుంది. ఎడమకు బాగా వంగేది హుక్, కొద్దిగా వంగేది డ్రా. కుడికి కొద్దిగా వంగితే ఫేడ్, బాగా వంగితే స్లైస్. వంగకుండా తిన్నగా ఎడమకు పోతే పుల్, తిన్నగా కుడికి పోతే పుష్. క్రికెట్ ఎరిగినవారికి ఇది పూర్తిగా కొత్త సంగతేమీ కాదు, బ్యాట్ ముఖం తెరుచుకుంటే కవర్స్‌కు పోవలసిన బంతి పాయింట్ వైపు పోతుంది. కాకపోతే గోల్ఫ్ బంతి గాలిలో ఎక్కువసేపు ఉంటుంది, నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది, అందువల్ల చిన్న తేడా కూడా పెద్దదై కనిపిస్తుంది. అమెరికా ప్రొఫెషనల్ పోటీల వరుస అయిన పీజీఏ టూర్‌లో ఆటగాళ్ళు డ్రైవర్‌తో కొట్టే బంతి సగటున నిమిషానికి 2,700 చుట్ల దరిదాపుల్లో తిరుగుతుంది. దగ్గరి షాట్లకు వాడే పొట్టి క్లబ్ వెడ్జ్‌తో అయితే 9,000 దాటుతుంది.

తిరిగే బంతి గాలిలో ఎందుకు వంగుతుందో జర్మన్ శాస్త్రవేత్త మాగ్నస్ 19వ శతాబ్దంలోనే వివరించాడు. ఎడింబరో విశ్వవిద్యాలయ ఆచార్యుడు పీటర్ గత్రీ టైట్ అదే సూత్రాన్ని గోల్ఫ్ బంతికి అన్వయించి, వెనక్కి తిరిగే చుట్టే బంతిని గాలిలో అంతసేపు నిలబెడుతోందని చూపాడు. ఆయన కుమారుడు ఫ్రెడీ టైట్ 1896లో, 1898లో బ్రిటిష్ అమెచ్యూర్ విజేత. తండ్రి లెక్కలకు ఇంట్లోనే ప్రయోగశాల దొరికిందన్నమాట.

ఇక్కడ ఒక అపోహ ఉంది. బంతికి వెనక్కి తిరిగే చుట్టు ఒకటి, పక్కకు తిరిగే చుట్టు వేరొకటి ఉంటాయని చాలామంది అనుకుంటారు. బంతి ఒకే ఇరుసు మీద తిరుగుతుంది. ఫేస్‌కూ పాత్‌కూ తేడా వచ్చినప్పుడు ఆ ఇరుసు ఓ పక్కకు ఒరుగుతుంది. ఎంత ఒరిగితే అంత వంపు. అమెరికా భౌతికశాస్త్రవేత్త థియోడర్ జోర్గెన్సన్ 1990లలో డి-ప్లేన్ అనే ఊహాతలంతో దీన్ని రేఖాగణితంగా నిరూపించాడు.

పాత సూత్రం ఎక్కడ తప్పింది

దశాబ్దాలపాటు కోచ్‌లు బోధించిన సూత్రం ఇది: బంతి పాత్ దిశలో బయలుదేరి, ఫేస్ చూస్తున్న దిశకు వంగుతుంది. డెన్మార్క్‌లో 2003లో పుట్టిన ట్రాక్‌మ్యాన్ వంటి రాడార్ యంత్రాలు రేంజ్‌లలోకి వచ్చాక ఇందులో మొదటి సగం తప్పని అందరికీ కనిపించింది. బంతి బయలుదేరే దిశలో పెద్ద వాటా ఫేస్‌దే. డ్రైవర్‌తో అయితే సుమారు 85 శాతం, మధ్య దూరాలకు వాడే ఐరన్‌లతో 75 శాతం. మిగిలినదే పాత్ వాటా.

ఈ తేడా కాగితం మీద చిన్నదిగా కనిపిస్తుంది. చెట్టు అడ్డమొచ్చినప్పుడు తెలుస్తుంది దాని విలువ. చెట్టుకు ఎడమవైపుగా బంతిని పంపి కుడికి వంచాలనుకుందాం. పాత సూత్రం ప్రకారం పాత్‌ను చెట్టుకు ఎడమగా, ఫేస్‌ను నేరుగా జెండా వైపు పెట్టాలి. అలా కొడితే బంతి ఫేస్ చూసిన దిశకు దగ్గరగా బయలుదేరి తిన్నగా చెట్టును తాకుతుంది. కొత్త లెక్కలో ఫేస్ కూడా చెట్టుకు ఎడమగానే చూడాలి, పాత్ ఇంకా ఎడమగా ఉండాలి.

అలాగని పాత తరం కోచ్‌ల దగ్గర నేర్చుకున్నవారంతా తప్పు నేర్చుకున్నారని కాదు. వంపు ఫేస్, పాత్‌ల మధ్య తేడా వల్లే వస్తుందన్న రెండో సగం అప్పుడూ ఇప్పుడూ నిజమే. పైగా మంచి ఆటగాడు సూత్రం తప్పు చెబుతున్నా, బంతి పోతున్న తీరు చూసి చేతితోనే దిద్దుకుంటాడు. ఇబ్బంది పడింది సూత్రాన్ని అక్షరాలా నమ్మిన సగటు ఆటగాడే.

లెక్క వేసి చూద్దాం

ఒక ఆటగాడి డ్రైవర్ పాత్ లక్ష్యానికి 6 డిగ్రీలు ఎడమకు ఉంది. ఫేస్ 2 డిగ్రీలు ఎడమకు చూస్తోంది. రెండింటికీ తేడా 4 డిగ్రీలు, ఫేస్ పాత్‌కు కుడివైపున ఉంది. బంతి సుమారు 2.6 డిగ్రీలు ఎడమకు బయలుదేరుతుంది. వంగకుండా పోతే 200 మీటర్ల దగ్గర లక్ష్యానికి 9 మీటర్లు ఎడమన ఉండేది. కానీ ఇరుసు దాదాపు 17 డిగ్రీలు ఒరుగుతుంది. బంతి ఇరవై మీటర్లకు పైగా కుడికి వంగి, లక్ష్యానికి పది పదిహేను మీటర్ల కుడివైపున పడుతుంది. ఇవి గాలి లేనప్పటి ఉజ్జాయింపు లెక్కలు.

ఇప్పుడు గమనించండి. బంతి కుడికి పోయింది కదా అని ఆటగాడు తన ఫేస్ కుడికి తెరుచుకుందనుకుంటాడు. నిజానికి అది లక్ష్యానికి 2 డిగ్రీలు ఎడమకే మూసుకుని ఉంది. తెరుచుకున్నది పాత్‌తో పోల్చినప్పుడు మాత్రమే.

తర్వాత అతను చేసే పని సహజమైనది, హానికరమైనది కూడా. బంతి కుడికి పోతోంది కాబట్టి కాళ్ళూ భుజాలూ మరో 5 డిగ్రీలు ఎడమకు తిప్పి నిలబడతాడు. పాత్ 11 డిగ్రీలు ఎడమకు వెళుతుంది. బంతి మరీ ఎడమకు పోతుందేమోనన్న భయంతో చేతులు ఫేస్‌ను కాస్త తెరిచి ఉంచుతాయి, అది 4 డిగ్రీల దగ్గర ఆగుతుంది. తేడా 7 డిగ్రీలయింది. బంతి ఇంకా ఎడమకు బయలుదేరి, ఇంకా ఎక్కువ వంగి, మునుపటికంటే కుడికే పడుతుంది. దెబ్బ రాసుకుంటూ తగలడంతో దూరం కూడా తగ్గుతుంది. ఏళ్ళ తరబడి రేంజ్‌కు వెళుతున్నా స్లైస్ ముదురుతూ ఉండడానికి ఈ చక్రమే కారణం. బద్ధకం వల్ల పెరిగే లోపం కాదిది, దిద్దుకోవాలన్న తపన వల్లే పెరుగుతుంది.

డ్రైవర్ కుడికి, వెడ్జ్ ఎడమకు ఎందుకు

ఇదే ఆటగాడు మరో ఫిర్యాదు కూడా తెస్తాడు: డ్రైవర్ కుడికి పోతోంది, వెడ్జ్ మాత్రం తిన్నగా ఎడమకు పోతోంది. రెండు రోగాలనుకుని రెండు మందులు వెతుకుతాడు. రోగం ఒకటే కావచ్చు.

క్లబ్ ముఖానికి వెనక్కి ఉండే వాలును లాఫ్ట్ అంటారు. డ్రైవర్‌కు అది 10 డిగ్రీల దరిదాపుల్లో, వెడ్జ్‌లకు 45 నుంచి 60 వరకు ఉంటుంది. వాలు ఎక్కువైనకొద్దీ వెనక్కి తిరిగే చుట్టు పెరుగుతుంది కాబట్టి ఫేస్, పాత్‌ల మధ్య అదే 4 డిగ్రీల తేడాకు ఇరుసు తక్కువ ఒరుగుతుంది. డ్రైవర్‌లో 17 డిగ్రీలు ఒరిగినది వెడ్జ్‌లో ఐదారు డిగ్రీలతో సరిపెట్టుకుంటుంది. అంటే వెడ్జ్ బంతి వంగదు, బయలుదేరిన దిశలోనే దాదాపుగా పోతుంది. దానికితోడు పొట్టి క్లబ్ ముఖాన్ని మూయడం చేతులకు తేలిక. ఫేస్ 2 బదులు 4 డిగ్రీలు ఎడమకు చూస్తే, 80 మీటర్ల షాట్ ఐదారు మీటర్లు ఎడమన పడుతుంది.

కాబట్టి డ్రైవర్ స్లైస్, వెడ్జ్ పుల్ కలిసి కనిపిస్తే పాత్ ఎడమకు ఉన్నదనడానికి అది బలమైన ఆనవాలు. డ్రైవర్ కుడికి వంగుతూ వెడ్జ్ కూడా కుడికే పోతుంటే అనుమానం ముందు ఫేస్ మీదికి మళ్ళాలి. ఒక్క క్లబ్‌ను చూసి తేల్చలేనిది రెండు క్లబ్‌లను పక్కపక్కన పెడితే తేలుతుంది.

భుజం ముందుకు తోయడం: కారణమా, ఫలితమా

పాత్ ఎడమకు ఎందుకు పోతుంది? కిందికి దిగేటప్పుడు కుడి భుజం ముందుకు తోసుకొచ్చి, క్లబ్ బయటినుంచి లోపలికి కోస్తుంది. గోల్ఫర్లు దీన్ని ఓవర్ ద టాప్ అంటారు. ఇది లోపమనే విషయంలో పెద్దగా వాదం లేదు. ఎందుకు పుడుతుందన్న దగ్గరే వాదమంతా.

ఒక వర్గం దీన్ని వరుస తప్పడం అంటుంది. శరీరానికి సెన్సర్లు కట్టి కొలిచినప్పుడు నిపుణుల స్వింగ్‌లో దిగుడు కటి భాగంతో మొదలై, ఆ తర్వాత మొండెం, చేతులు, చివరికి క్లబ్ వేగం అందుకుంటాయి. స్లైస్ కొట్టేవారిలో పైభాగం ముందే దూకుతుంది. కాబట్టి వరుసను దిద్దాలి అంటారు వీరు. రెండో వర్గం దృష్టిలో ఇది ఆటగాడు తెలియకుండానే నేర్చుకున్న ప్రతిచర్య. ఫేస్ తెరుచుకుని వస్తోంది, బంతి కుడికి పోతోంది, దాన్ని లక్ష్యం మీదికి తేవడానికి శరీరం ఎడమకు కోయడం అలవాటు చేసుకుంది. ఫేస్‌ను దిద్దితే కోయవలసిన అవసరమే ఉండదు. జేకబ్స్ పద్ధతి ఈ రెండోదానికి దగ్గర. మూడో వర్గం శరీరాన్నే ప్రశ్నిస్తుంది: తుంటి తిరగకపోతే, వెన్ను పైభాగం బిగుసుకుపోయి ఉంటే వరుస ఎలా కుదురుతుంది? టైట్లిస్ట్ పర్ఫార్మెన్స్ ఇన్‌స్టిట్యూట్ వంటి సంస్థలు ముందు కీళ్ళ కదలికను పరీక్షించి, తర్వాతే స్వింగ్ జోలికి వెళ్ళమంటాయి. రోజంతా కుర్చీలో కూర్చుని పనిచేసి, నలభైలలో ఆట మొదలుపెట్టినవారి విషయంలో ఈ మాట తీసిపారేయదగినది కాదు.

నా మొగ్గు ఫేస్ వైపే, ఎందుకంటే దాన్ని పరీక్షించడం చవక. కానీ ఆ పరీక్షలో ఒక మెలిక ఉంది. పై లెక్కలోని ఆటగాడు ఫేస్‌ను 4 డిగ్రీలు మూశాడనుకుందాం. ఫేస్ 6 ఎడమ, పాత్ 6 ఎడమ. వంపు మాయమవుతుంది, బంతి మాత్రం తిన్నగా ఎడమకు, 200 మీటర్ల దగ్గర ఇరవై మీటర్లు పక్కకు పోతుంది. చూసేవారికి పరిస్థితి చెడినట్టే ఉంటుంది. నిజానికి సగం పని అయిపోయింది. పదేపదే ఎడమకు పోతున్న బంతిని చూశాక పాత్ దానంతట అదే కుడికి జరగడం మొదలవుతుంది, మునుపు ఎడమకు జరిగినట్టే. అది జరగకపోతే లోపం నిజంగానే వరుసలోనో కీళ్ళలోనో ఉన్నట్టు. చాలామంది ఈ మధ్య దశలోనే బెదిరి పాత పట్టుకు తిరిగి వెళ్ళిపోతారు.

హోగన్ పట్టు ఎవరికి?

ఫేస్‌ను మార్చే తేలికైన మార్గం పట్టు. ఎడమచేతిని క్లబ్ మీద కుడివైపు తిప్పి పట్టుకుంటే అది బలమైన పట్టు, పైనుంచి చూస్తే మూడు కణుపులు కనిపిస్తాయి. ఎడమవైపు తిప్పితే బలహీనమైన పట్టు, ఒక కణుపు కనిపిస్తుంది. ఎంత బిగించామన్నదానితో దీనికి సంబంధం లేదు. బలమైన పట్టు దెబ్బ తగిలే క్షణానికి ఫేస్‌ను మూస్తుంది, బలహీనమైనది తెరుస్తుంది.

అమెరికా ఆటగాడు బెన్ హోగన్ యువ ప్రొఫెషనల్‌గా ఉన్న రోజుల్లో హుక్‌తో సతమతమయ్యాడు. పట్టును బలహీనం చేసుకుని, ఫేడ్‌కు మారి, 1953లో మాస్టర్స్, యుఎస్ ఓపెన్, బ్రిటిష్ ఓపెన్ మూడూ ఒకే ఏడాది గెలిచాడు. 1957లో ఆయన అచ్చువేయించిన పాఠాలు తరతరాల గోల్ఫర్లకు మార్గదర్శి అయ్యాయి. వాటిలో ఆయన బోధించిన పట్టు హుక్‌ను జయించిన మనిషి పట్టు. దాన్ని యథాతథంగా స్వీకరించిన స్లైసర్‌కు, అసలే తెరుచుకుని వస్తున్న ఫేస్ ఇంకాస్త తెరుచుకుంటుంది. హోగన్ అభిమానులు దీనికి జవాబు చెబుతారు: ఆయన చెప్పిన మొండెం కదలికను కూడా పూర్తిగా పాటిస్తే ఆ పట్టు సరిపోతుందని. అందులో న్యాయం ఉంది. వారానికోసారి ఆడేవారు మొదటి అధ్యాయం దగ్గర ఆగిపోవడమే ఇబ్బంది.

నేలను తవ్వడం, నెత్తి మీద కొట్టడం

ఐరన్ షాట్లలో ఎక్కువ బాధపెట్టేవి రెండు. బంతికి ముందే నేల తగలడం ఫ్యాట్, బంతి నడుము మీదనో పైనో తగలడం థిన్ లేదా టాప్. ఒకటి లోతుగా, ఒకటి పైపైన కనిపిస్తాయి కాబట్టి ఇవి పరస్పర విరుద్ధమనుకుంటారు. సాధారణంగా రెండూ ఒకే గూటి పక్షులు.

క్లబ్ తల ఒక వంపు దారిలో దిగి లేస్తుంది. ఆ దారిలో అన్నిటికంటే కింది బిందువు ఎక్కడుందన్నదే అసలు ప్రశ్న. మంచి ఐరన్ షాట్‌లో అది బంతికి ముందు, లక్ష్యం వైపున ఉంటుంది. అంటే క్లబ్ ఇంకా దిగుతూ ఉండగానే బంతి తగులుతుంది, ఆ తర్వాతే గడ్డి లేస్తుంది. పీజీఏ టూర్ ఆటగాళ్ళ 7 ఐరన్ సుమారు 4 డిగ్రీలు కిందికి దిగుతూ తగులుతుంది. ఆ కింది బిందువు బంతికి వెనక పడిందనుకోండి. క్లబ్ నేలను తాకితే ఫ్యాట్. తాకకుండా తప్పించుకుని పైకి లేస్తూ వస్తే బంతి నడుముకు తగిలి థిన్. బంతి వ్యాసం 42.67 మిల్లీమీటర్లు, నడుము నేల నుంచి 21 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటుంది. మంచి షాట్‌కూ థిన్‌కూ మధ్య ఉన్న దూరం ఆ రెండు సెంటీమీటర్లే.

బిందువు వెనక పడడానికి ఎక్కువగా కనిపించే కారణం బంతిని పైకి లేపాలన్న ఆరాటం. ఆటగాడు బరువును కుడికాలి మీదే ఉంచి, మణికట్లతో బంతి కింద గరిట పెట్టబోతాడు. బంతిని లేపడానికి లాఫ్ట్ ఉంది. మనిషి కూడా లేపబోతే అది నేల మీద పాకుతుంది.

దీనికి రేంజ్‌లలో వినిపించే తీర్పు మాత్రం వేరు: తల ఎత్తావు! తల ఎత్తడం నిజంగానే కనిపిస్తుంది. కానీ వెన్ను నిటారుగా లేచినప్పుడు తల దానితోపాటే లేస్తుంది, లేవడానికి మూలం కిందెక్కడో ఉంటుంది. అనికా సోరెన్‌స్టామ్, డేవిడ్ డువాల్ బంతి తగిలే సమయానికే ముఖం లక్ష్యం వైపు తిప్పేసేవారు. ఇద్దరూ ప్రపంచ నంబర్ వన్ స్థానంలో నిలిచినవారే. తలను పాతినట్టు నిలిపి ఉంచితే కొందరిలో మొండెం తిరగక లోపం ముదురుతుంది కూడా. అయితే తల పక్కకు బాగా ఊగేవారికి, కింది బిందువు కూడా దానితోపాటు ఊగుతుంది కాబట్టి, ఆ పాత హెచ్చరిక ఇప్పటికీ పనిచేస్తుంది.

బంతి చూపే సాక్ష్యానికీ హద్దులున్నాయి

ఎగిరిన తీరు చూసి క్లబ్ సంగతి చెప్పవచ్చన్న వాదన నిలబడాలంటే బంతి ఫేస్ మధ్యన తగిలి ఉండాలి. డ్రైవర్‌లో మడమ వైపు, అంటే క్లబ్ కాడ అయిన షాఫ్ట్‌కు దగ్గరగా తగిలితే ఫేస్, పాత్ రెండూ సరిగ్గా ఉన్నా బంతి కుడికి వంగుతుంది. కొన వైపు తగిలితే ఎడమకు. క్లబ్ తల బరువు ఫేస్‌కు వెనకగా ఉండడంతో, మధ్యన తగలనప్పుడు తల కొద్దిగా తిరిగి, పళ్ళచక్రంలా బంతిని ఎదురుదిశలో తిప్పుతుంది. డ్రైవర్ ఫేస్ చదునుగా కాక ఉబ్బెత్తుగా ఉండేది ఈ వంపును కొంత సరిచేయడానికే. మడమ దెబ్బను స్లైస్ పాత్‌గా భావించి నెలల తరబడి పాత్ మీద కుస్తీపట్టడం అరుదైన సంగతి కాదు. బంతి వెనక వైట్‌బోర్డ్ మార్కర్‌తో ఒక చుక్క పెట్టి కొడితే ఫేస్ మీద ముద్ర పడుతుంది, అనుమానం అక్కడే తీరుతుంది.

షాంక్ ఇంకా మాయలమారి. ఐరన్ తలకు షాఫ్ట్ కలిసే మెడ మీద తగిలి బంతి విసురుగా కుడికి పోతుంది. చూస్తే ఫేస్ బార్లా తెరుచుకున్నట్టుంటుంది. నిజానికి క్లబ్ తల కొన్ని సెంటీమీటర్లు ఆటగాడికి దూరంగా జరిగింది, అంతే. నడుము బంతి వైపు తోసుకురావడం వల్ల అలా కావచ్చు. బరువు వేళ్ళ మీదికి రావడం వల్లా కావచ్చు. పాత్ బాగా కుడికి ఉన్నా కావచ్చు, బాగా ఎడమకు ఉన్నా కావచ్చు. షాంక్‌కు ఒకే మందు చెప్పే వీడియోలను అందుకే కాస్త దూరం నుంచి చూడాలి.

ఫోను కెమెరా చూడలేనిది

ఫోనులో మామూలు వీడియో సెకనుకు 30 చిత్రాలు తీస్తుంది. 40 మీటర్ల వేగంతో వచ్చే క్లబ్ తల రెండు చిత్రాల మధ్య 1.3 మీటర్లు కదిలిపోతుంది. 240 చిత్రాలు తీసే స్లోమోషన్‌లో కూడా 17 సెంటీమీటర్ల ఖాళీ ఉంటుంది. బంతి తగిలే 2 సెంటీమీటర్లు ఆ ఖాళీలో ఎక్కడో జారిపోతాయి. ఫేస్ ఒకటి రెండు డిగ్రీలు ఎటు ఉందో చెప్పడం ఫోనుకు సాధ్యం కాదు. కెమెరాను ఒక అడుగు పక్కకు పెట్టినా పాత్ వేరుగా కనిపిస్తుంది. నిలబడిన తీరు, పట్టు, వెన్ను లేవడం, బరువు మారడం వంటి పెద్ద కదలికలకు మాత్రం ఫోను ఎంతో మేలు చేస్తుంది. తాను చేస్తున్నాననుకునేదానికీ నిజంగా చేస్తున్నదానికీ ఉన్న దూరాన్ని దానంత నిర్మొహమాటంగా చూపేది మరొకటి లేదు.

రాడార్ యంత్రం ఫేస్, పాత్‌లను అంకెల్లో చెబుతుంది. అంకె వచ్చాక ఇంకో జబ్బు మొదలవుతుంది. ప్రతి బంతికీ తెర చూసి, ఒక డిగ్రీ కోసం స్వింగ్ మార్చేవారున్నారు. టూర్ ఆటగాళ్ళ అంకెలు కూడా షాట్ షాట్‌కూ అటూ ఇటూ ఊగుతాయి. పది బంతుల సగటు ఏదైనా చెబుతుంది, ఒక్క బంతి ఏమీ చెప్పదు.

ఒక ఆదర్శ స్వింగ్ ఉందా?

ఇంగ్లండ్ ఆటగాడు నిక్ ఫాల్డో 1980ల మధ్యలో, అప్పటికే టోర్నమెంట్లు గెలిచిన స్వింగ్‌ను పక్కనపెట్టి కోచ్ డేవిడ్ లెడ్‌బెటర్‌తో కలిసి పునర్నిర్మించుకున్నాడు. ఫలితాలు పడిపోయాయి, 1987లో బ్రిటిష్ ఓపెన్ గెలిచాక అందరూ నమ్మారు. టైగర్ వుడ్స్ గెలుస్తూనే పలుమార్లు స్వింగ్ మార్చాడు. ఆదర్శ నమూనా ఉందని, దాని వైపు నడవాలని చెప్పేవారికి వీరు ఉదాహరణలు.

అవతలి పక్షం జిమ్ ఫ్యూరిక్‌ను చూపుతుంది. క్లబ్‌ను నిటారుగా పైకెత్తి, పైన గిరగిరా మలుపు తిప్పి దించే స్వింగ్ అది, ఏ కోచ్ నేర్పేది కాదు. దానితోనే 2003 యుఎస్ ఓపెన్ గెలిచాడు, 2016లో పీజీఏ టూర్ చరిత్రలోనే ఒక రౌండులో అతి తక్కువ స్కోరు 58 నమోదు చేశాడు. లీ ట్రెవినో ఎడమకు గురిపెట్టి జీవితమంతా ఫేడ్ కొట్టి గోల్ఫ్‌లో అన్నిటికంటే పెద్దవైన మేజర్ టోర్నమెంట్లు ఆరు గెలిచాడు. హైదరాబాద్ నుంచి వెళ్ళిన తల్లిదండ్రులకు కాలిఫోర్నియాలో పుట్టి, 2023లో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్‌తో పీజీఏ టూర్‌లో తొలి విజయం అందుకున్న సాహిత్ తీగల కూడా పాఠ్యపుస్తకం నుంచి దిగినవాడు కాదు, బంతిని అటూ ఇటూ వంచి ఆడే నేర్పుకు పేరుపడ్డవాడు.

వీరిని చూసి ఎలా ఆడినా ఫరవాలేదనుకోవడం తొందరపాటు. ఫ్యూరిక్ క్లబ్ పైన ఎన్ని మలుపులు తిరిగినా బంతి దగ్గరికి వచ్చేసరికి ఫేస్, పాత్ చక్కగా కుదురుతాయి. అక్కడికి రావడానికి చిన్నప్పటి నుంచి కొట్టిన లెక్కలేనన్ని బంతులున్నాయి. సగటు ఆటగాడికి ఆ సమయం ఉండదు కాబట్టి తక్కువ మలుపులున్న దారి అతనికి లాభం. అంతకుమించి ఆదర్శ నమూనా వాదానికి బలమైన ఆధారం నాకు కనిపించలేదు.

మనసు ఎక్కడ పెట్టాలి

పైనుంచి బంతి దాకా క్లబ్ దిగడానికి పట్టేది దాదాపు పావు సెకను. మధ్యలో ఆలోచించి దిద్దుకునే వీలు లేదు. ఏ మార్పయినా ముందే మనసులో నాటుకోవాలి. 1999లో గాబ్రియేలె వుల్ఫ్, సహ పరిశోధకులు కొత్తవారితో పిచ్ షాట్లు, అంటే బంతిని ఎత్తుగా కొద్దిదూరమే పంపే దెబ్బలు, ఆడించి చూశారు. తమ చేతుల కదలిక మీద దృష్టి పెట్టినవారికంటే క్లబ్ కదలిక మీద పెట్టినవారు బాగా నేర్చుకున్నారు. మోచేయి మడవకు అనేకంటే క్లబ్ తలను ఫలానా దిశకు విసురు అన్న మాట బాగా పనిచేయడానికి ఇదొక ఆధారం. అయితే పట్టు, నిలబడే తీరు వంటివి కదలిక మొదలవకముందే కుదిరేవి. వాటిని శరీరం మాటల్లోనే చెప్పాలని, అలవాటైన కదలికను విప్పి మళ్ళీ కట్టేటప్పుడు కొంతకాలం శరీరం మీద ధ్యాస తప్పదని కొందరు కోచ్‌లు అంటారు. రెండింటికీ చోటుంది.

ఒక పూర్తి ఉదాహరణ

ఒక ఆటగాడి ఫిర్యాదుల చీటీ ఊహించుకుందాం. డ్రైవర్ ఎడమన బయలుదేరి కుడికి వంగుతోంది. 7 ఐరన్ కొంచెం కుడికి వంగుతోంది, దూరం రావడం లేదు. వెడ్జ్ తిన్నగా ఎడమకు. అప్పుడప్పుడు నేల తగులుతోంది. వీడియోలో కుడి భుజం ముందుకు తోసుకొస్తోంది, ఎడమ మోచేయి బయటికి మడుచుకుంటోంది, చివరన బరువు వెనక్కి పడుతోంది, తల లేస్తోంది. వీడియో చూసినవారు నాలుగు లోపాలు రాసి ఇస్తారు.

మార్కర్ ముద్ర ఫేస్ మధ్యకు దగ్గరగానే ఉంది, కాబట్టి మడమ దెబ్బ కాదు. డ్రైవర్ కుడికి వంగి, వెడ్జ్ ఎడమకు పోవడం పాత్ ఎడమకు ఉందని చెబుతోంది. పట్టు చూస్తే ఎడమచేతి కణుపు ఒక్కటే కనిపిస్తోంది. ఇప్పుడు గొలుసు కుదురుతుంది. బలహీనమైన పట్టు ఫేస్‌ను తెరుస్తోంది, దాన్ని లక్ష్యం మీదికి తేవడానికి భుజం ఎడమకు తోస్తోంది. ఫేస్ ఆఖరి క్షణంలో మరీ మూసుకుపోకుండా ఆపడానికి మోచేయి మడుచుకుంటోంది. తెరుచుకున్న ఫేస్‌తో లాఫ్ట్ పెరిగి బంతి ఎత్తుగా పోతోంది, 7 ఐరన్ దూరం అక్కడే పోయింది. కోత నుంచి తప్పించుకోవడానికి శరీరం వెనక్కి వాలితే కింది బిందువు వెనక పడుతోంది, నేల తగులుతోంది, తల లేస్తోంది.

ఈ గొలుసును గుర్తించిన కోచ్ మార్చేది పట్టు ఒక్కటే, రెండు మూడు కణుపులు కనిపించేదాకా. మొదటి వారాల్లో డ్రైవర్ ఎడమకు తిన్నగా పోతుంది, వెడ్జ్ ఇంకా ఎడమకు పోతుంది, ఆటగాడు ఫోను చేసి ఫిర్యాదు చేస్తాడు. పాత్ ఒక్కో డిగ్రీ కుడికి జరగడం మొదలైతే భుజం, మోచేయి, తల గురించి ఎవరూ మాట్లాడరు. జరగకపోతే తర్వాతి పాఠం తుంటి ఎంత తిరుగుతోందో కొలవడంతో మొదలవుతుంది.